క్రిస్మస్ తాతకి ఎర్ర కోటు తొడిగింది కోకాకోలాయేనా?

గోదారిగట్టు: మా అపార్టుమెంటు వాట్సాప్‌లో ఒకటి తిరుగుతోంది. క్రిస్మస్ తాతని 1931లో కోకాకోలా వాళ్ళే పుట్టించారట. కూల్‌డ్రింకు అమ్ముకోడానికి పుట్టినవాడికి ఇంత హడావుడా?

పాతపేజీ: తప్పండీ. 1931లో హాడన్ సండ్‌బ్లమ్ అనే చిత్రకారుడితో కంపెనీ బొమ్మలు వేయించిన మాట నిజమే. కానీ అమెరికా కార్టూనిస్టు థామస్ నాస్ట్ హార్పర్స్ వీక్లీ అనే పత్రికలో తాతని 1863 నుంచే గీస్తున్నాడు. 1881లో వేసిన బొమ్మ చూడండి: బొజ్జ, తెల్లగడ్డం, చేతుల నిండా ఆటబొమ్మలు. ఎనిమిది రెయిన్‌డీర్లు, పొగగొట్టంలోంచి దిగడం 1823లో అమెరికాలోని ట్రాయ్ అనే ఊరి పత్రికలో పేరు లేకుండా అచ్చయిన పద్యంలోనే ఉన్నాయి.

గోదారిగట్టు: బొజ్జ ఎవడడిగాడు? ఎరుపు సంగతి చెప్పండి. హార్పర్స్ బొమ్మలు నలుపు తెలుపు.

పాతపేజీ: పత్రికలో నలుపు తెలుపే. అదే నాస్ట్ పిల్లల పుస్తకానికి వేసిన రంగుబొమ్మల్లో ఎరుపుంది.

చింతచెట్టు: మా ఊరి తాత ఎర్రకోటు కింద నీలం లుంగీ కట్టేవాడు. అదే కంపెనీది?

బాపట్ల_బుజ్జి: అసలు మనిషి మైరా బిషప్ నికొలస్, నాలుగో శతాబ్దం. ఆ ఊరు ఇప్పుడు టర్కీలో దెమ్రె. ఒకాయన ముగ్గురు కూతుళ్ళకి కట్నాలిచ్చుకోలేకపోతుంటే రాత్రిపూట కిటికీలోంచి బంగారం మూటలు విసిరాడని కథ. 1087లో ఇటలీ నావికులు ఆయన ఎముకల్ని తమ దేశంలోని బారి అనే ఊరికి పట్టుకుపోయారు. ఆ నికొలసే డచ్చివాళ్ళకి సింటర్‌క్లాస్, ఆయనే అమెరికా వెళ్ళి శాంటాక్లాజ్ అయ్యాడు.

చింతచెట్టు: కట్నం సర్దిన తాతా! అయితే మనవాడే.

గోదారిగట్టు: బిషప్పు బాగానే ఉన్నాడు. పోయినేడు మా యూకేజీ పిల్ల ఎర్ర డ్రెస్సు వేసుకెళ్ళలేదని బడిలో ఫొటోలోంచి తీసి పక్కన నిలబెట్టారు. రాత్రి ఒకటే ఏడుపు. మర్నాడు బడి పక్క కొట్లోనే ఏడొందలు పెట్టి కొన్నా. అది వ్యాపారం కాదా?

పాతపేజీ: బడి మీద కోపం తాత మీద చూపిస్తే ఎలా?

గోదారిగట్టు: మీకు మీ మతం వెనకేసుకురావాలి, అంతేగా.

పాతపేజీ: అంత మాటన్నారు కాబట్టి చెప్తున్నా. మా నాన్న రైసుమిల్లులో హమాలీ. ఇరవయ్యేళ్ళు మా పేటలో కేరల్స్‌కి తాత వేషం ఆయనదే. అమ్మ జాకెట్లకి మిగిలిన ఎర్రగుడ్డ ముక్కలు అతికి కోటు కుట్టేది. గడ్డం దూది మైదా జిగురుతో అంటిస్తే, తెల్లారాక పీకేటప్పుడు చర్మం కందిపోయేది. డప్పుకి గంతులేస్తూ బిళ్ళలు పంచేవాడు. అన్ని మతాల పిల్లలూ వెంటపడేవాళ్ళు. “కంపెనీ పుట్టించింది” అంటే మా నాన్న కూల్‌డ్రింకు ప్రకటనలో గంతులేశాడనేగా?

గోదారిగట్టు: మీ నాన్నగారిని నేనేమన్నానండీ? ఆయన ఊరికే పంచాడు. నాతో ఏడొందలు కట్టించుకున్నారు. నా గొడవ అదీ.

పాతపేజీ: ఆ ముక్క మొదటే రాయొచ్చుగా.

గోదారిగట్టు: రాస్తే మీరు 1881 నుంచి మొదలెట్టేవారు.