కటానా మీది అలల గీత పోయింది, ఇంట్లో మళ్లీ తెచ్చుకోవచ్చా?

ప్రశ్న (హనుమకొండ నుంచి)

అన్నలకు నమస్తే. నాలుగేళ్ల కిందట ఆన్‌లైన్‌లో ఒక జపాన్ తరహా కత్తి, కటానా, కొన్నాను. బ్లేడ్ ఒక్కటే 70 సెంటీమీటర్లుంటుంది. టీ10 స్టీలు, మట్టి పూసి నీళ్లలో ముంచి గట్టిపరిచింది అని అమ్మినవాళ్లు రాశారు. ఇంట్లో గోడకు పెట్టుకుంటాను, దసరాకు ఆయుధ పూజలో పెడతాను, అంతే. మొన్నటి వానాకాలమంతా ఒరలోనే వదిలేశాను. తీసి చూస్తే పిడి దగ్గర జానెడు మేర ఎర్రటి తుప్పు చుక్కలు. కంగారులో గిన్నెలు తోమే స్టీలు పీచుతో రుద్దేశాను. తుప్పు చాలావరకు పోయింది కానీ అంచు వెంట ఉండే అలల గీత కూడా ఆ మేర మాయమైంది. అడ్డదిడ్డంగా గీకుళ్లు పడ్డాయి. ఫెర్రిక్ క్లోరైడ్ అనే రసాయనం పూస్తే గీత తిరిగి వస్తుందని వీడియోల్లో చూశాను. బాత్‌రూమ్ యాసిడ్ చాలని మా పక్కింటాయన అంటున్నాడు. దసరాకు రెండు నెలలుంది. ఏం చేయమంటారు?

జవాబు (కరీంనగర్ నుంచి, టూల్‌రూమ్‌లో పని)

తమ్మీ, బాత్‌రూమ్ యాసిడ్ సీసా మూత కూడా తీయకు. దాని ఆవిరి సోకితే చాలు, ఆ గదిలో ఉన్న ఇనుప సామానంతా తెల్లారేసరికి తుప్పు పడుతుంది. నీ కత్తి మీద గీత రాదు, గుంటలు వస్తాయి.

ముందు ఆ గీత ఏమిటో తెలుసుకో. జపాన్‌లో దాన్ని హమోన్ అంటారు. కొలిమిలో పెట్టే ముందు బ్లేడ్ వీపు వైపు మట్టి మందంగా పూస్తారు, అంచు వైపు పలచగా పూస్తారు లేదా వదిలేస్తారు. ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మట్టి పలచగా ఉన్న అంచు ఒక్కసారిగా చల్లారి గాజులా గట్టిపడుతుంది. మట్టి కప్పుకున్న వీపు నిదానంగా చల్లారి మెత్తగా, సాగేలా ఉంటుంది. గట్టి ఉక్కు, మెత్తటి ఉక్కు కలిసే చోటే ఆ అల. అది పైపూత కాదు, లోపలి ఉక్కులోనే ఉంది. యాసిడ్ ఈ రెండింటినీ వేర్వేరు వేగంతో తింటుంది కాబట్టి రంగులో తేడా పడి మన కంటికి కనిపిస్తుంది. అంటే యాసిడ్ కొత్తగా గీసేదేమీ లేదు, ఉన్నదాన్ని చూపిస్తుంది. గీకుళ్లు ఉంటే వాటిని కూడా అంతే చక్కగా చూపిస్తుంది. అందుకే ఈ పనిలో ముప్పాతిక భాగం గరుకు కాగితంతో రుద్దడమే.

ఇక అసలు అనుమానం. చవక కత్తుల మీద చాలాసార్లు ఆ గీతను వైరు బ్రష్‌తోనో యాసిడ్‌తోనో పైన గీసి అమ్ముతారు. నీది స్టీలు పీచుకే మాయమైంది కాబట్టి చూసుకోవాలి. రెండు పక్కలా అలలు అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉన్నాయా? నేరుగా చూసినా, బల్బు కింద వంచి చూసినా ఒకే తెలుపుగా ఉందా? అయితే అనుమానించు. అసలైనది ఒక కోణంలో కనిపిస్తుంది, ఇంకో కోణంలో జారిపోతుంది. గీత కింద సన్నటి మంచులా పొగ తేలుతున్నట్టుంటుంది. ఖాయం చేసుకోవాలంటే, పీచు తగిలిన చోటే నాలుగు వేళ్ల వెడల్పు మేర 600 నంబరు వాటర్ పేపర్ (నీళ్లతో రుద్దే గరుకు కాగితం, నంబరు పెరిగేకొద్దీ నునుపు), తర్వాత 1000, తర్వాత 1500 వేసి నున్నగా చేయి. సబ్బుతో కడిగి ఆరబెట్టి, నిమ్మచెక్కతో ఐదు నిమిషాలు రుద్దు. అసలైనదైతే మసకగానైనా అల లేచి కనిపిస్తుంది. రాకపోతే అక్కడ లేదన్నమాట, ఏ యాసిడ్ పోసినా రాదు.

ఒక మాట మరిచాను. ఇది తాతల నాటి పాత జపాన్ కత్తి అయితే ఏదీ ముట్టుకోవద్దనే చెప్పేవాణ్ని. పిడి లోపలుండే తోక మీది పాత తుప్పు, చెక్కిన అక్షరాలు చూసే దాని వయసు, చేసినవాడు ఎవరన్నది తేలుస్తారు. నీది కొత్తది కాబట్టి ఇంట్లో చేసుకోవచ్చు.

ప్రశ్నించినవారు

అన్నా, నిమ్మకాయ పరీక్ష చేశాను. వచ్చింది! రెండు పక్కలా అల వేరుగా ఉంది. ట్యూబ్‌లైట్ కింద తిప్పితే మీరన్న మంచు లాంటిది కూడా కనిపించింది. మా అమ్మను పిలిచి మరీ చూపించాను. ఇప్పుడు చేతి గ్రైండర్‌కు ఫ్లాప్ డిస్క్ (గరుకు కాగితం రేకుల చక్రం) వేసి గీకుళ్లు తీసేయనా, తొందరగా అవుతుంది కదా?

జవాబు (కరీంనగర్)

వద్దు. ఉక్కు వేడెక్కి 300 డిగ్రీల దగ్గరికి వస్తే నీలం రంగు ఎక్కుతుంది. ఆ రంగు కనిపించిందంటే అంచు అక్కడ మెత్తబడిపోయింది, ఇక దాన్ని మళ్లీ కొలిమిలో పెట్టాల్సిందే. బఫింగ్ చక్రం ఇంకా ప్రమాదం. పొడవైన బ్లేడ్‌ను అది లాగేసుకుని విసిరికొడుతుంది. మా షాపులో చిన్న చాకు ఎగిరి తలుపు చెక్కలో దిగడం నేను కళ్లారా చూశాను. చేత్తోనే రుద్దు.

పిడికి అడ్డంగా ఒక వెదురు మేకు ఉంటుంది. దాన్ని సన్నటి ఇత్తడి కడ్డీతో మెల్లగా కొట్టి బయటికి తీయి. పిడి, చేతి అడ్డు, బ్లేడ్ మొదట్లో ఉండే ఇత్తడి పట్టీ అన్నీ ఊడదీసి పక్కన పెట్టు. ఆ పట్టీ తీయకుండా మాత్రం ముందుకు పోకు. ఫెర్రిక్ క్లోరైడ్ రాగిని, ఇత్తడిని తినేస్తుంది, సర్క్యూట్ బోర్డుల మీది రాగి తీయడానికి వాడేది దాన్నే. బ్లేడ్ కన్నా పొడవైన చెక్క పలక మీద పాత దుప్పటి పరిచి, దాని మీద బ్లేడ్ పడుకోబెట్టి తోక వైపు క్లాంపుతో బిగించు. అంచు నీకు అవతలి వైపు ఉండాలి. అంచు వెంట రెండు పొరల మాస్కింగ్ టేపు వేయి. రాత్రి పని అయిపోయాక కూడా టేపు తీయకు, ఇంట్లో పిల్లలుంటారు.

పీచు గీకుళ్లు లోతుగా లేకపోతే 400 నుంచి మొదలుపెట్టు. తుప్పు గుంటలుంటే ఆ చోట 320 తప్పదు. తర్వాత 600, 800, 1000, 1500, ఓపిక ఉంటే 2000. కాగితాన్ని వేలికి చుట్టి రుద్దకు. వేలు మెత్తన కాబట్టి బ్లేడ్ మధ్యలో ఉండే గట్టు గుండ్రమైపోతుంది, ఆ గట్టు పోతే కత్తి సబ్బు బిళ్లలా కనిపిస్తుంది. అగ్గిపెట్టె అంత గట్టి చెక్క ముక్కకు చుట్టి, సబ్బు నీళ్లు చిలకరిస్తూ రుద్దు. ప్రతి నంబరుకూ దిక్కు మార్చు. 400 ఏటవాలుగా రుద్దితే 600 దానికి అడ్డంగా. అప్పుడు పాత గీతలు ఒక్కటి మిగిలినా ఎదురు దిక్కులో పట్టుబడుతుంది. చివరి నంబరు మాత్రం పిడి నుంచి మొన దాకా ఒకే దిక్కులో, ఒకే లాగుడు. మధ్యలో ఆగితే ఆగిన చోట కొక్కెం లాంటి గీత పడుతుంది.

నాకు 60 సెంటీమీటర్ల బ్లేడ్‌కు నాలుగు ఆదివారాలు పట్టింది. 600 దగ్గర విసుగు వచ్చి 1000కి దూకాను. యాసిడ్ పెట్టాక 400 నాటి గీతలన్నీ జల్లెడలా బయటపడి, మళ్లీ మొదటికి వచ్చాను. నువ్వు అలా చేయకు.

జవాబు (నిజామాబాద్ నుంచి)

ఇద్దరికీ నమస్కారం. యాసిడ్‌తో ఉక్కు లోపలి గీతను బయటికి తీయడం మన దగ్గరా ఉన్న విద్యే. మా జిల్లాలోని కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు గడ్డలను పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. వాయిసీ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త అది చూసి రాసిన వ్యాసం 1832లో అచ్చయింది. ఇంగ్లీషులో ఊట్జ్ అంటున్నది మన ‘ఉక్కు’ మాటే అని చెబుతారు. ఆ ఉక్కుతో చేసిన కత్తుల మీద నీటి అలల్లాంటి చారలు కనిపించడానికి ఇనుము సల్ఫేట్ ఉండే ఖనిజాన్ని నీళ్లలో కలిపి రాసేవారు. మన పచారీ కొట్టు అన్నభేది ఆ కోవదే. అయితే ఆ చారలు బ్లేడ్ ఒళ్లంతా ఉంటాయి, కరిగిన ఉక్కు మూసలో నిదానంగా చల్లారడం వల్ల పుట్టినవి. కటానా గీత మట్టి పూత వల్ల పుట్టింది. రెండింటినీ ఒకటే అనుకుని కొందరు అన్నభేది పూసి, ఏమీ రాలేదని బాధపడుతున్నారు. అందుకే చెబుతున్నాను. ఈ కత్తికి కరీంనగర్ అన్న చెప్పే దారే మంచిది.

ప్రశ్నించినవారు

రుద్దడం అయిపోయింది అన్నా, ఐదు వారాలు పట్టింది. 1500 దాకా వెళ్లాను. దూలంలా బరువెక్కిన చేతులతో రాస్తున్నాను. ఫెర్రిక్ క్లోరైడ్ ఎలక్ట్రానిక్స్ షాపులో ద్రావణంగానే దొరికింది. ఎంత నీళ్లు కలపాలి? ఇంత పొడుగు బ్లేడ్ ముంచే పాత్ర ఎక్కడ దొరుకుతుంది?

జవాబు (కరీంనగర్)

పాత్ర కొనొద్దు. ప్లంబింగ్ షాపులో 75 మిల్లీమీటర్ల పీవీసీ పైపు తీసుకుని బ్లేడ్ కన్నా జానెడు పొడవుగా కోయించు. ఒక చివర ఎండ్ క్యాప్ అతికించి, ఒక రాత్రంతా నీళ్లు పోసి కారడం లేదని చూసుకో. బయట గాలి ఆడే చోట స్తంభానికి నిలువుగా రెండు చోట్ల తాడుతో కట్టు. అది పడిపోతే గచ్చు మీద ఆ పసుపు మరక జన్మలో పోదు. నీళ్లు కలిపిన ద్రావణం మూడు లీటర్ల దాకా పడుతుంది.

ఒక వంతు ద్రావణానికి నాలుగైదు వంతుల నీళ్లు. నీళ్లలోకే ద్రావణం పోయాలి, ద్రావణంలోకి నీళ్లు కాదు. కళ్లద్దాలు, రబ్బరు గ్లవ్స్ పెట్టుకో, పాత బట్టలు వేసుకో.

బ్లేడ్‌ను గిన్నెల సబ్బుతో, వేడి నీళ్లతో కడిగి, అసిటోన్‌తో తుడువు. తర్వాత నీళ్లు పోసి చూడు. నీరు పలచటి పొరలా పరుచుకోవాలి, ఎక్కడైనా ముత్యాల్లా విరిగిందంటే అక్కడ జిడ్డు ఉన్నట్టే. ఇక నుంచి వట్టి చేత్తో ముట్టుకోకు. నీ వేలిముద్ర చెక్కినట్టు పడిపోతుంది.

తోక పట్టుకుని ఒక్క ఊపులో దింపు, 20 సెకన్లు లెక్కపెట్టి ఒక్క ఊపులో తీయి. బ్లేడ్ బూడిద రంగుకు తిరిగి ఉంటుంది. వెంటనే నీళ్లు, తర్వాత వంట సోడా కలిపిన నీళ్లు, మళ్లీ మంచి నీళ్లు. పైన పొగచూరినట్టు నల్లటి పొర ఉంటుంది. దూదికి కాస్త మెటల్ పాలిష్ రాసి మెల్లగా తుడిస్తే ఆ నలుపు లేచిపోతూ కింద అల మెరుస్తుంది. ఒక్కసారే రెండు నిమిషాలు ముంచేద్దామనుకోకు, బ్లేడ్ అంతా ఒకే నలుపై తేడా పోతుంది. చిన్న చిన్న మునకలు నాలుగైదు. ప్రతి మునకకు ముందు పాలిష్ జిడ్డు అసిటోన్‌తో తీసేయి.

భయమేస్తే ఫెర్రిక్ జోలికే పోకుండా గోరువెచ్చటి వెనిగర్‌లో ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపి దూదితో రాస్తూ పో. నిదానం, గీత అంత ముదురుగా రాదు, కానీ చేయి దాటిపోదు.

మిగిలిన ద్రావణాన్ని మోరీలో, చెట్టు మొదట్లో పోయకు. మందమైన ప్లాస్టిక్ క్యాన్‌లో పోసి పేరు రాసిపెడితే మళ్లీ పనికొస్తుంది. కూల్‌డ్రింక్ సీసాలో మాత్రం వద్దు, అది చూడటానికి అచ్చు కోలాలాగే ఉంటుంది.

జవాబు (వరంగల్ నుంచి)

ఒక్క మాట. ఇలాంటి కత్తులు ఆయుధాల నిబంధనల జాబితాలో ఉన్నాయి. పూజకైనా సరే ఊరేగింపులో చేత పట్టుకుని బయటికి తేవద్దు. ఇంట్లో ఉంచుకోవడం గురించి కూడా దగ్గరి స్టేషన్‌లో ఒకసారి అడిగి పెట్టుకోండి.

ప్రశ్నించినవారు

అందరికీ చేతులెత్తి దండం. నాలుగు మునకలు వేశాను. రెండో మునక తర్వాత నల్ల పొర తుడుస్తుంటే, పిడి దగ్గర పోయిన ఆ జానెడు అల మిగతా అలతో కలిసిపోతూ బయటికి వచ్చింది. చేతులు వణికాయి. మొన దగ్గర బొటనవేలంత చోట ఒక మరక ఉంది, అక్కడ జిడ్డు మిగిలినట్టుంది. స్టేషన్‌లో కూడా అడిగి వచ్చాను. కుట్టు మిషన్ నూనె రాశాను, కొబ్బరి నూనె కన్నా అదే మంచిదని ఒకరు చెప్పారు. ఒర లోపల తేమ ఉందని ఎండలో పెట్టాను. ఇంకేమైనా చేయాలా?

జవాబు (కరీంనగర్)

మంచిగ చేశావు తమ్మీ. కొబ్బరి నూనె జిగురు కడుతుంది, మిషన్ నూనే సరైనది. అందులో రెండు చుక్కల లవంగ నూనె కలుపు, జపాన్‌లో కూడా లవంగ నూనె కలిపినదే రాస్తారు. మొన దగ్గర మరకను 1500 కాగితంతో ఆ చోటు వరకే తీసి, వెనిగర్ దూదితో కలిపేయి, మళ్లీ ముంచొద్దు. ఒరను మాత్రం ఇప్పుడే ఎండలోంచి తీసెయ్, చెక్క పగులుతుంది. ఫ్యాను కింద నీడలో వారం ఆరనీ. అప్పటిదాకా కత్తిని పొడి నూలు గుడ్డలో చుట్టి బీరువా పైన పెట్టు, రోజు విడిచి రోజు తీసి చూడు. యాసిడ్ ఎక్కడైనా మిగిలి ఉంటే మొదటి వారంలోనే పసుపు చుక్కగా బయటపడుతుంది. కనిపిస్తే సోడా నీళ్లతో తుడిచి మళ్లీ నూనె రాయి.