ఐటీ బీటెక్‌తో పాటు ఇండస్ట్రియల్ మేనేజ్‌మెంట్ మైనర్ తీసుకోవచ్చా?

మండపేట కుర్రాడు:
అన్నలకు, అక్కలకు నమస్తే. కాకినాడ జేఎన్‌టీయూ కింద ఉన్న కాలేజీలో ఐటీ, సెకండియర్. మామూలు 160 క్రెడిట్లకు తోడు ఇంకొన్ని చేస్తే మైనర్ (వేరే బ్రాంచి సబ్జెక్టులు చదివినట్టు డిగ్రీతో పాటు వచ్చే అదనపు గుర్తింపు) ఇస్తారు. మెకానికల్ వాళ్ల దగ్గర ఇండస్ట్రియల్ మేనేజ్‌మెంట్ తీసుకుందామని ఉంది. మా మావయ్యకు రైసు మిల్లుంది, చిన్నప్పట్నుంచీ అక్కడే తిరిగాను. ఫ్రెండ్సేమో "ఆ టైంలో కోడింగ్ చేసుకోరా" అంటున్నారు. వారంలో చెప్పాలి, టెన్షన్‌గా ఉంది.

స్టోర్సు మనిషి:
తమ్ముడూ, నేను ఐటీ చదివాక ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్‌లో ఎంటెక్ చేశాను. మా రోజుల్లో ఈ మైనర్లు లేవు. ఇప్పుడు పంపుల ఫ్యాక్టరీలో ఈఆర్‌పీ (కొనుగోళ్లు, స్టాకు, లెక్కలు అన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్) చూస్తాను.

చేరిన కొత్తలో ఒకేసారి ఎంత సరుకు తెప్పించాలో చెప్పే ఈఓక్యూ లెక్కను ప్రోగ్రాంలో పెట్టాను. ఫోర్డ్ హారిస్ అనే అమెరికా ఇంజనీరు 1913లో ఇచ్చిన ఫార్ములా, కోడు నాలుగు లైన్లు. ఏడాదికి 1200 బేరింగులు, ఆర్డరుకు 300 రూపాయల ఖర్చు, ఒక బేరింగు ఏడాది నిల్వ ఉంచడానికి 8 రూపాయలు. జవాబు 300, అంటే మూణ్ణెల్లకోసారి ఆర్డరు. గొప్పగా తీసుకెళ్లి చూపిస్తే స్టోర్‌కీపర్ గారు కళ్లజోడు పైకి తోసి, "ఆర్డరుకు 300 అని ఎవరు చెప్పారు బాబూ?" అన్నారు. ఎవరూ చెప్పలేదు, నేనే వేసుకున్నా. పైగా ఎండాకాలం మూడు నెలలూ నెలకు 250 పోతాయి, మిగతా నెలల్లో 50. ఫార్ములా ఏమో ఏడాది పొడుగునా వాడకం ఒకే తీరుగా ఉంటుందనుకుంటుంది! ఆ తర్వాత నెల రోజులు మధ్యాహ్నాలు స్టోర్సులోనే కూర్చున్నాను.

మైనర్ తీసుకో. కానీ ఆపరేషన్స్ రీసెర్చ్ (ఉన్న వనరులతో ఏది మేలో లెక్కలతో తేల్చేది), ఇన్వెంటరీ (సరుకు నిల్వల లెక్క), క్వాలిటీ కంట్రోల్ ఉంటేనే. లిస్టులో అన్నీ ఆర్గనైజేషనల్ బిహేవియర్ (సంస్థల్లో మనుషుల తీరు గురించిన సబ్జెక్టు) లాంటివైతే ఆ క్రెడిట్లన్నీ దండగ (ఎంబీఏ వాళ్లు తిడతారు, తిట్టనీ). ప్రాజెక్టుకు మావయ్య మిల్లే పట్టు. ప్రభుత్వ ధాన్యం ఆడితే క్వింటాకు పచ్చి బియ్యం 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 ఇవ్వాలి కదా. ఏ లారీ ధాన్యం ఎంత తేమతో వచ్చింది, నూక ఎంత, తవుడు ఎంత, ఒక దాళ్వా (రెండో పంట) సీజనంతా రాసిపెట్టు. డేటాబేస్ ఆ తర్వాత.

ఫైనలియర్:
ప్లేస్‌మెంట్ మొదటి రౌండు కోడింగ్ టెస్టే బ్రో. అక్కడ మైనర్ మొహం ఎవరూ చూడరు. అది మర్చిపోకు.

మ్యూనిక్ అక్క:
జర్మనీలో ఐటీ, బిజినెస్ మేనేజ్‌మెంట్ రెండూ కలిపి విర్ట్‌షాఫ్ట్స్‌ఇన్ఫర్మాటిక్ అని ఒకే డిగ్రీగా చదువుతారు. మాస్టర్స్‌కి అప్లై చేస్తే ఏ సబ్జెక్టులో ఎన్ని క్రెడిట్లో లెక్క చూస్తారు. మైనర్ సిలబస్ కాపీలు ఇప్పట్నుంచే దాచుకో తమ్ముడూ.

మండపేట కుర్రాడు:
థాంక్స్ అన్నా, అక్కా. లిస్టులో ఆపరేషన్స్ రీసెర్చ్, క్వాలిటీ కంట్రోల్ ఉన్నాయి, తీసుకుంటున్నా. మావయ్యకు ఫోన్ చేసి తేమ లెక్కలు అడిగాను. మీటరు ఉందిట గానీ పుస్తకంలో రాయరట. "గింజ పంటి కింద పెడితే తెలీదుట్రా?" అన్నాడు.