ఎంబీబీఎస్ చదివి ఆస్పత్రి అడ్మినిస్ట్రేషన్‌కి వెళ్తే సీటు వృథా చేసినట్టేనా?

హౌస్‌సర్జన్: ఇంటర్న్‌షిప్ అయిపోవచ్చింది. ఎండీ హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ మూడేళ్లు చేసి, మెడికల్ ఇన్ఫర్మాటిక్స్ (వైద్య రికార్డుల్ని కంప్యూటర్లో నడిపే పని) వైపు వెళ్దామనుకుంటున్నా. ఆ మాట చెప్పినప్పటి నుంచి నాన్న నాతో మాట్లాడట్లేదు. సలహా ఇవ్వండి.

మన్యం డాక్టర్: తమ్ముడూ, నీది ప్రభుత్వ కాలేజీ సీటైతే అది జనం డబ్బు. బిల్లులు చూడటానికి ఎంబీఏ వాళ్లున్నారు. ఇద్దరుండాల్సిన మా పీహెచ్‌సీలో నేనొక్కణ్ణే ఉన్నా.

ముంబై తెలుగు: ఇక్కడి టిస్‌లో (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) ఎంహెచ్‌ఏ, అంటే హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్‌లో మాస్టర్స్, రెండేళ్లే. ఏ డిగ్రీ వాళ్లైనా చేరొచ్చు, డాక్టరే అక్కర్లేదు.

గోదారిగట్టు: మన్యం డాక్టర్ గారూ, ఇది బిల్లుల పని కాదండీ. నేనుండే అమెరికాలో 2011లోనే క్లినికల్ ఇన్ఫర్మాటిక్స్‌ని డాక్టర్ల సబ్‌స్పెషాలిటీగా గుర్తించారు, 2013లో మొదటి బోర్డు పరీక్ష పెట్టారు. ముందు ఏదో ఒక స్పెషాలిటీ పూర్తి చేయాలి, ఆ తర్వాత రెండేళ్ల ఫెలోషిప్. నేను ఇంటర్నల్ మెడిసిన్ చేసే ఇటొచ్చాను. పేషెంటుకి పెన్సిలిన్ పడదని ఎప్పుడో ఎక్కడో రాసుంటే, ఇవాళ మందు రాసే డాక్టరుకి అది కనపడాలి. మా పని అదీ. ఇప్పటికీ వారానికోరోజు ఓపీ చూస్తాను.

మన్యం డాక్టర్: వారానికి ఒక్కరోజా?

గోదారిగట్టు: అంత చెప్తే ఆ ఒక్క ముక్కే పట్టుకున్నారా?

మన్యం డాక్టర్: పట్టుకుంటాను. మిగతా రోజులు మీ పేషెంట్లను ఎవరు చూస్తున్నారు?

వార్డు నర్సు: మా వార్డులో సాఫ్ట్‌వేర్ వచ్చాక కాగితం మీదా రాస్తున్నాం, కంప్యూటర్లోనూ ఎక్కిస్తున్నాం. పని రెండింతలైంది.

గోదారిగట్టు: చూశారా! ఆ స్క్రీన్ తయారుచేసిన గదిలో వార్డు తెలిసిన డాక్టరు ఒక్కరున్నా ఇలా జరిగేది కాదు.

మన్యం డాక్టర్: ఉన్నాడండీ! నా బ్యాచ్‌మేటే ఉన్నాడు. నిరుడు జ్వరాల సీజన్‌లో ఓపీ బయట చెట్టుకింద దాకా లైను. లోపల ఒక్కొక్కరికీ 14 అంకెల ఆభా నంబరు (ఆరోగ్య ఖాతా నంబరు) కొట్టాలి, సిగ్నల్ ఉండదు. వాడికి ఫోన్ చేసి రెండో డాక్టరు కావాలిరా అన్నాను. డాష్‌బోర్డులో మీ సెంటర్ వెనకబడింది, ముందు ఎంట్రీలు పూర్తి చెయ్ అన్నాడు. హాస్టల్లో ఒకే గదిలో ఉన్నవాళ్లం. ఆ చదువు మీద నాకేం కోపం లేదు. వెళ్లినవాళ్లు మావైపు మళ్లీ చూడరు, అదే నా బాధ.

గోదారిగట్టు: ఈ మాట మొదటే చెప్పుంటే నేను అమెరికా సంగతులు ఎత్తేవాణ్ణే కాదు. అతను చేసింది తప్పే.

హౌస్‌సర్జన్: సార్, రెండేళ్లు పీహెచ్‌సీలో చేసి ఆ తర్వాత వెళ్తే?

మన్యం డాక్టర్: రా. ఆ ఎంట్రీలన్నీ నీ చేత్తో కొట్టు. ఆ తర్వాత ఎటు వెళ్లినా నేను అడ్డు చెప్పను.

గోదారిగట్టు: కష్టం తెలుస్తుంది, వెళ్లు తమ్ముడూ. కానీ డాక్టర్ గారూ, మీ దగ్గరి ఖాళీ నింపాల్సింది ప్రభుత్వం. ఆ బరువు ఈ కుర్రాడి మీద పెట్టడం న్యాయం కాదు.

మన్యం డాక్టర్: ప్రభుత్వం నింపేదాకా లైనులో ఉన్నవాళ్లకి ఏం చెప్పమంటారు?