ఆటిజం ఉన్న పిల్లోన్ని సినిమాకి ఎట్ల తీసుకుపోవాలి? అనంతపురం వాళ్లు చెప్పండి

అనంతపురం అమ్మ:
అందరికీ నమస్తే. మావోడికి ఏడేండ్లు, ఆటిజం. మాటలు తక్కువే గానీ టీవీలో పాటొస్తే రిమోట్ ఎవర్నీ ముట్టుకోనియ్యడు. సంక్రాంతికి ఇంట్లోవాళ్లందరం సినిమాకి పోయినాం, లైట్లు తీసేంత వరకు బాగానే కూచున్నాడు, పొగాకు యాడ్ సౌండ్ ఒక్కసారిగా వచ్చేసరికి రెండు చెవులూ మూసుకొని సీటు కిందికి దూరి ఒకటే అరుపులు. వెనకాల ఒకాయన "ఇట్లాంటి పిల్లోన్ని ఇంట్లో పెట్టుకోకుండా ఎందుకు తెచ్చినారు" అన్నాడు. నేను వాన్నెత్తుకొని బయటికొచ్చి బైకులు పెట్టేకాడ రెండు గంటలు నిలబడినా. ఇంక ఈ జన్మలో పోకూడదు అనుకున్నా. కానీ మొన్న వాని ప్యాంటు ఉతకబోతే జేబులో ఆ చించిన టికెట్ ముక్క దొరికింది, పారేయబోతే గుంజుకొని టీవీ కింద పెట్టుకున్నాడు. వానికి పోవాలనే ఉన్నట్టుంది. ఎట్ల చేయాలో తెలిసినవాళ్లు చెప్పండి.

కర్నూలు నాన్న:
అక్కా, మా పాపకి పదేండ్లు, ఇప్పుడు ఇంటర్వెల్ వరకు కూచుంటాది. మేం మొదటిసారి సినిమా చూడనేలేదు, హాలు దాకా పోయి పాప్‌కార్న్ కొనుక్కొని వెనక్కొచ్చినాం, అంతే. రెండోసారి లోపలికి పోయి ఇరవై నిమిషాలుండి వచ్చేసినాం. రిలీజైన వారంలో అసలు పోవద్దు, ఈలలు పేపర్లు ఎక్కువ. మూడో వారం మామూలు రోజు మ్యాట్నీకి పోండి, హాలు ఖాళీగా ఉంటాది. యాడ్లు అయిపోయినాక లోపలికి పోండి, కానీ ఇంటర్వెల్ అయినాక కూడా ఆ పొగాకు యాడ్ వేస్తారు, అప్పుడు కొంచెం లేటుగా రండి. లాస్ట్ రో మూల సీటు తీసుకోండి.

థెరపీ చేసే ఆమె:
నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని, అంటే పిల్లలకి రోజువారీ పనులు అలవాటు చేయించేదాన్ని. మీ బాబు మొండితనంతో చేసింది కాదమ్మా అది, మనకి మామూలుగా వినిపించే శబ్దం కొందరు పిల్లలకి నొప్పిలాగే ఉంటుంది. శబ్దం తగ్గించడానికి చెవులకి పెట్టుకునే మఫ్స్ దొరుకుతాయి, నేరుగా హాల్లో పెడితే పీకి పారేస్తారు, ముందు ఇంట్లో మిక్సీ వేసేటప్పుడు పెట్టి అలవాటు చేయండి. ఆ హాలు గేటు, టికెట్ కౌంటరు, సీట్లు, బాత్రూమ్ ఫోటోలు తీసి వరసగా రోజూ చూపించండి. చివర్లో ఇంటి ఫోటో ఉండాలి, ఎప్పుడు అయిపోతుందో తెలిస్తే సగం భయం పోతుంది.
బయటి దేశాల్లో ఇలాంటి పిల్లల కోసమే షోలు వేస్తారు. లైట్లు పూర్తిగా తీయరు, సౌండ్ తగ్గిస్తారు, పిల్లలు లేచి తిరిగినా ఎవరూ ఏమీ అనరు. న్యూయార్క్ బ్రాడ్‌వేలో 2011లో లయన్ కింగ్ నాటకాన్ని కూడా ఇట్లాగే వేశారు. మన 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది, వినోదం, కళల గురించి అందులో 29వ సెక్షనే ఉంది. కాబట్టి హాలు వాళ్లని అడగడానికి మొహమాటపడకండి.

బూత్ ఆపరేటర్, కడప:
పద్దెనిమిదేండ్లుగా హాల్లో ప్రొజెక్టర్ నడిపే పనిలోనే ఉన్నా. కర్నూలు అన్న చెప్పిందాంట్లో ఒక్కటి తప్పు, లాస్ట్ రో మూల సీటు వద్దు, గోడ మీద సరౌండ్ స్పీకర్ సరిగ్గా నెత్తి మీదే ఉంటాది. వెనక నుంచి మూడో నాలుగో వరసలో నడిచే దారి పక్క సీటు తీసుకోండి. బూత్‌లో సౌండ్ మిషను (ప్రాసెసర్) మీద 7 అనేది మామూలు లెక్క, దాన్ని 5కి తేవడం ఒక్క నాబ్ తిప్పడమే, సినిమాకి ఏమీ కాదు. పక్క లైట్లు ఒక లైను వేసిపెట్టడం కూడా మా చేతిలో పనే. అయితే షో మొదలైనాక వచ్చి అడిగితే మేం చేయలేం, మిగతావాళ్లు గలాటా చేస్తారు. ముందురోజు పొద్దున మేనేజర్‌ని కలవండి. పదిమంది పిల్లల తల్లిదండ్రులు కలిసి పొద్దున షో అడిగితే ఇంకా మంచిది, ఆ టైంలో మాకెట్లాగూ హాలు ఖాళీనే.

ధర్మవరం వాడిని:
మాకు దగ్గర్లో నిమ్మలకుంట ఉంది, అక్కడ తోలుబొమ్మలు చేస్తారు. మా అక్క కొడుకుని హాలుకి ముందు అక్కడికే తీసుకుపోయినాం, బొమ్మని దీపం ముందు పట్టుకుంటే రంగులు కనపడతాయి కదా, వాడు గంటసేపు దాని చేతుల్నే కదిలిస్తా కూచున్నాడు. చీకటి, వెలుతురు, బొమ్మ కదలడం ఇవన్నీ చిన్నగా అలవాటైనాయి.

అనంతపురం అమ్మ:
అందరికీ చాలా థ్యాంక్స్, చదువుతుంటే కండ్లల్లో నీళ్లొచ్చినాయి. మా థెరపీ సెంటర్లో నలుగురు అమ్మలకి ఇప్పుడే చెప్పినా, ముగ్గురు సరే అన్నారు. రేపు పోయి గేటు ఫోటో తీసుకొని, మేనేజర్‌ని అడిగొస్తా. టికెట్ ముక్క ఇంకా టీవీ కిందే ఉంది, తీయనియ్యట్లేదు.