‘హెడ్‌ఫుల్’ను ‘తలెడు’ అనవచ్చా?

బ్యాక్టీరియాకు సోకే వైరస్‌ల మీద, అంటే ఫేజ్‌ల మీద, వ్యాసం రాస్తూ రెండు ఇంగ్లీషు మాటలకు తెలుగు వెతుకుతూ ఆగిపోయాను.

మొదటిది ప్యాకేజింగ్. ఫేజ్‌కి ముందు ఖాళీ తల, అంటే ప్రోటీన్ డొల్ల, తయారవుతుంది, తర్వాత డీఎన్ఏ అందులోకి చేరుతుంది. ‘నింపడం’ అంటే బిందెలో నీళ్లు నింపినంత తేలిగ్గా ఉంది. ఫై29 అనే ఫేజ్ తల పొడవు 54 నానోమీటర్లు. దాని డీఎన్ఏని సాగదీస్తే సుమారు 6,600. పైగా అది వంగనని మొరాయించే పోగు, రుణావేశం వల్ల తనను తానే నెట్టుకుంటుంది. తోక అతుక్కునే మూల దగ్గర ఒక ప్రోటీన్ మోటారు, కణానికి శక్తినిచ్చే ఏటీపీని ఖర్చుపెడుతూ, దాన్ని లోపలికి తోస్తుంది. ‘కుక్కడం’ అందామా అంటే, సంచిలో కుక్కిన బట్టలు చిందరవందరగా ఉంటాయి, ఇక్కడ పోగు చుట్టలు చుట్టలుగా ఒద్దికగా సర్దుకుంటుంది.

నా ఓటు ‘దట్టించడం’కి. తుపాకీలో మందు దట్టించేది పేల్చడానికే కదా. మందు బలం మంటది, ఫేజ్ బలం ఒత్తిడిది. 2001లో లేజర్ కాంతితో ఒక్కో మోటారు లాగే బలాన్ని కొలిచినప్పుడు, లోపలి ఒత్తిడి వాతావరణ పీడనానికి సుమారు 60 రెట్లని అంచనా కట్టారు. డీఎన్ఏ బ్యాక్టీరియాలోకి దూకడానికి ఆ ఒత్తిడి సాయపడుతుంది.

రెండోది హెడ్‌ఫుల్, అంటే తల నిండా పట్టినంత. టీ4, పీ22 ఫేజ్‌లలో డీఎన్ఏ ఒకదాని వెనక ఒకటి అతికిన పొడవాటి వరసగా ఉంటుంది. తల నిండగానే అక్కడ కోత పడుతుంది. తలలో పట్టేది ఒక పూర్తి జన్యుక్రమం కంటే కాస్త ఎక్కువ కాబట్టి, మొదట్లో ఉన్న భాగమే చివర్లో మళ్లీ వస్తుంది. ఇక్కడ కొలపాత్ర తలే! పిడికెడు, దోసెడు, గంపెడు, కడివెడు ఉన్న భాషలో ‘తలెడు డీఎన్ఏ’ ఎందుకు ఉండకూడదు?

వ్యాఖ్య: బాగుందండీ. కానీ నిలువెడు, మూరెడు లాగా తల పొడవు అనుకోరా?

జవాబు: మంచి అనుమానమండీ. ఆ ‘ఎడు’ పొడవుకీ పరిమాణానికీ రెండింటికీ వస్తుంది, నిజమే. ‘తలెడు డీఎన్ఏ దట్టించాక కోత’ అని మొదటిసారే పూర్తిగా రాస్తే తికమక ఉండదనుకుంటాను. ల్యాంబ్డా ఫేజ్‌కి మాత్రం ఈ మాట వాడను. దానిలో కోత పడేది కాస్ అనే గుర్తున్న చోటే. పీ22 విషయంలో ఇంకా బాగా అతుకుతుంది: అది అప్పుడప్పుడూ పొరపాటున తన డీఎన్ఏ బదులు బ్యాక్టీరియా డీఎన్ఏనే తలెడు దట్టించుకుని, మరో బ్యాక్టీరియాకు మోసుకుపోతుంది.