పాత కళ్లద్దాలు పోగుచేసి పంపడం వల్ల నిజంగా ఉపయోగం ఉంటుందా?

వైట్‌ఫీల్డ్ వాసి (ప్రశ్న):

బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ల తెలుగువారం కలిసి నడుపుకునే చిన్న సంఘం ఒకటి ఉంది. ఉగాది పచ్చడి, సంక్రాంతి ముగ్గుల పోటీ తప్ప ఇంతవరకు మేము చేసినది పెద్దగా ఏమీ లేదు. ఈ ఏడాది ఒక సేవా క్లబ్బువారు వచ్చి, ఇళ్లలో వాడకుండా పడివున్న కళ్లద్దాలను సేకరించి ఇస్తే వాటిని ఆఫ్రికాలోని పేద దేశాలకు చేరుస్తామని చెప్పారు. సెక్యూరిటీ గది పక్కన పెట్టిన అట్టపెట్టె మూడు వారాల్లోనే నిండింది. నిన్న తెరిచి చూస్తే కాడ విరిగినవి, గీతలు పడినవి కనిపించాయి. చివరికి సినిమా హాల్లో ఇచ్చే త్రీడీ అద్దాలు కూడా ఉన్నాయి. ఇవి ఎవరి కంటికి కుదురుతాయోనన్న అనుమానం పట్టుకుంది. సంఘం ఖాతాలో ఉన్న నలభై వేల రూపాయలను అంధత్వ నివారణకే వినియోగించాలని తీర్మానించాము. పెట్టెను పంపాలా, డబ్బు పంపాలా, పంపితే ఎక్కడికి అన్నది అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

జయనగర్ ఆప్టోమెట్రిస్టు:

మీ అనుమానం సరైనదేనండీ. రెండు కళ్లకు వేరువేరు పవర్లు, వాటిపైన సిలిండరు (కంటి వంపులోని తేడాను సరిచేసే అదనపు పవరు), ఆ సిలిండరు ఏ కోణంలో ఉండాలన్న లెక్క, కనుపాపల మధ్య దూరం, ఇవన్నీ ఒకరికి అమరినట్లే మరొకరికి అమరడం లాటరీ తగలడం వంటిది. చదువుకునే రోజుల్లో ఇలాంటి పెట్టెలు రెండింటిని మేమే వేరుచేశాము. ఒక్కొక్క జతను కడిగి, అద్దం పవరును కొలిచే లెన్సోమీటరు కింద పెట్టి, పవరు రాసిన చీటీని రబ్బరు బ్యాండుతో చుట్టేసరికి మధ్యాహ్నమంతా గడిచిపోయేది. సాయంత్రానికి చూస్తే చెత్తబుట్టలోకి పోయినవే ఎక్కువ. ఈ శ్రమకు రవాణా ఖర్చు కూడా తోడైతే, చత్వారానికి తయారుగా దొరికే కొత్త అద్దాలే చవక. అంధత్వ నివారణ సంస్థల అంతర్జాతీయ సమాఖ్య అయిన ఐఏపీబీ కూడా వాడిన కళ్లద్దాలను విరాళంగా తీసుకోవద్దనే సూచిస్తోంది. నివారించదగిన, లేదా ఇంకా సరిదిద్దని చూపు లోపంతో ఉన్నవారు కనీసం వంద కోట్ల మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్కలో పెద్ద వాటా చత్వారానిదే కనుక, అద్దాల అవసరం లేదని నేను అనడం లేదు. పరీక్ష చేసి ఇచ్చే అద్దాలు కావాలంటున్నాను.

పదవీ విరమణ చేసిన క్లబ్బు సభ్యుడు:

అమ్మా, మీరు చెప్పినదానిని నేను కాదనను, కాని క్లబ్బుల పనినంతా ఆ అట్టపెట్టెతో కొలవకండి. 1925 జూన్ 30న అమెరికాలోని సీడార్ పాయింట్‌లో చూపు, వినికిడి లేని రచయిత్రి హెలెన్ కెల్లర్ లయన్స్ క్లబ్బుల సభ్యులను అంధుల పక్షాన నిలవమని కోరినప్పటి నుంచి ఆ క్లబ్బులు కంటి పనిని తమ పనిగా పెట్టుకున్నాయి. ఆఫ్రికాలో నదుల వెంట నల్ల ఈగ కాటుతో వచ్చే అంధత్వాన్నే తీసుకోండి. దానికి వాడే ఐవర్‌మెక్టిన్ మాత్రలను మెర్క్ అనే మందుల సంస్థ 1987 నుంచి ఉచితంగా ఇస్తోంది. మందు ఉచితమే కాని, ఎన్ని మాత్రలివ్వాలో గుర్తులు గీసిన కర్రను పట్టుకొని ఊరూరా తిరిగి, ప్రతి మనిషినీ దాని పక్కన నిలబెట్టి ఎత్తు చూసి, ఏటా తప్పకుండా పంచడానికి మనుషులు, బండ్లు, శిక్షణ కావాలి. అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ స్థాపించిన కార్టర్ సెంటర్‌తో కలిసి లయన్స్ డబ్బు పెట్టినది అక్కడే. 2013లో కొలంబియా ఆ జబ్బు నుంచి బయటపడిన తొలి దేశమైంది. ఆఫ్రికాలో ఆ గుర్తింపు 2025లో మొదట నైజర్‌కు దక్కింది.

అంత దూరం ఎందుకు, మదురై అరవింద్ కంటి ఆసుపత్రికి అనుబంధంగా లయన్స్ సాయంతో 1992లో ఏర్పడిన శిక్షణ సంస్థకు ఇతర దేశాల ఆసుపత్రులవారు వచ్చి, ఎక్కువ మందికి తక్కువ ఖర్చుతో శుక్లాల ఆపరేషన్లు ఎలా చేయాలో నేర్చుకొని వెళ్తున్నారు. నా దృష్టిలో పది పెట్టెల అద్దాల కంటే నేర్చుకొని వెళ్లిన ఒక్క బృందం మేలు. వైట్‌ఫీల్డ్‌వారూ, మీ సంఘం డబ్బును మాత్రం నేరుగా విదేశానికి పంపకండి. మీది నమోదైన ట్రస్టు అయితే, ముందస్తు అనుమతి లేకుండా దేశం వెలుపల చేసిన ఖర్చుకు ఆదాయపు పన్ను మినహాయింపు వర్తించదు.

శ్రీనివాసపురం మనవడు:

మాది కోలారు జిల్లా, ఇంట్లో తెలుగే. మా అవ్వకు రెండు కళ్లకూ పొర కమ్మి, బియ్యంలో రాళ్లేరడం మానేసిన ఏడాది ఊరి బడిలో క్లబ్బువారు శిబిరం పెట్టారు. పరీక్ష మాత్రమే బడిలో జరిగింది. ఆపరేషన్‌కు బస్సులో బెంగళూరు తీసుకువెళ్లారు, మర్నాడు కట్టు విప్పారు, నల్ల కళ్లద్దాలు పెట్టి మూడో రోజు ఇంటి దగ్గర దించారు. ఇక్కడి వరకు లోపమేమీ లేదు. నెల తరువాత తిరిగి చూపించుకోవాల్సిన రోజుకు మామిడి కోతలు మొదలయ్యాయి, తోడు వెళ్లేవారు దొరకలేదు. నొప్పి లేదు కదా అని అవ్వ చుక్కల మందును కూడా సగంలో ఆపి, సీసాను దేవుడి గూట్లో పెట్టింది. మేము ఆలస్యంగా తీసుకువెళ్తే కన్ను ఎర్రబడి, చూపు మళ్లీ కొంత తగ్గిందని తేలింది. ఆపరేషన్‌కు దాతలు దొరుకుతారు, ఫొటో కూడా ఉంటుంది. రెండోసారి తీసుకువెళ్లే బండికి ఎవరూ దొరకరు. మీ నలభై వేలు ఆ బండికి, తోడు వచ్చేవారి ఛార్జీలకు సరిపోతాయి.

వైట్‌ఫీల్డ్ వాసి:

అందరికీ కృతజ్ఞతలు. పెట్టె మీద అంటించిన కాగితాన్ని ఈ ఉదయమే తీసేశాము. మామిడి కోతలు ముగిశాక, ఆగస్టులో శిబిరం పెట్టే క్లబ్బు ఏదైనా ఉంటే, తిరుగు పరీక్షల ప్రయాణ ఖర్చు మేము భరిస్తామని రాసి ఇవ్వగలము. అలా ఒక్క ఖర్చునే వేరుగా భరించడానికి ఆసుపత్రులు ఒప్పుకుంటాయా?

పదవీ విరమణ చేసిన క్లబ్బు సభ్యుడు:

ఒప్పుకుంటాయి. శిబిరానికి ముందే ఆసుపత్రిలో శిబిరాలు చూసే ఉద్యోగితో మాట్లాడి, ఆపరేషన్ అయినవారి ఊళ్ల జాబితా, తిరిగి రావాల్సిన తేదీలు తీసుకోండి. బండిని ఆ తేదీలకే మాట్లాడండి, ఊరికొకరిని ముందురోజు ఫోను చేసే పనికి పెట్టండి.