“కొల్లేరు చేప” అని బోర్డు పెట్టి చెరువు బొచ్చె వడ్డించడం సబబేనా?

ఉప్పుటేరు_గట్టు:
ఆకివీడు నుంచి కైకలూరు దాకా పామర్రు–పాలకొల్లు రోడ్డు మీద ఎక్కడ చూసినా “కొల్లేరు చేపల పులుసు” బోర్డులే. లోపల కూర్చుంటే విస్తట్లోకి వచ్చేది మాత్రం తవుడు, చెక్క మేపి చెరువులో పెంచిన బొచ్చె, లేకపోతే శీలావతి. సరస్సులో దొరికే కొరమీను, మట్టగిడస, ఇంగిలాయి, మార్పు, గొరక, బొమ్మిడాయి రుచి వేరు, ధర వేరు, వండే తీరు వేరు. సరస్సు పేరు చెప్పి ఊరూరి నుంచీ జనాన్ని రప్పిస్తున్నప్పుడు ఏ చేప వండారో, అది చెరువుదో సరస్సుదో మెనూలో రాయాలి. భోజన ప్రియులు కూడా పేరు చెప్పని హోటల్లో చేప అడగకూడదు. మీరేమంటారు?

దాకలో_పులుసు:
పేరు రాయాలన్న మాట ఒప్పుకుంటానండి. చెరువు చేపంటే తక్కువ రకం అన్నట్టు రాశారు చూడండి, అది ఒప్పుకోను. పులుసుకి మూడు కిలోలు దాటిన బొచ్చెను మించింది లేదు. దాని పొట్టలో, తలలో ఉండే కొవ్వే పులుసుకి చిక్కదనం ఇస్తుంది. కొరమీనులో కొవ్వు తక్కువ. ముక్క గట్టిగా ఉంటుంది గనక వేపుడుకి, ఇగురుకి బాగుంటుంది. అదే కొరమీనుతో పల్చటి పులుసు పెడితే రసం ఒక దారి, ముక్క ఒక దారి. చాలామంది ఖరీదైన చేప గనక అన్నిటికీ మంచిదనుకుంటారు.

హోటల్ పులుసు చెడేది చేప వల్ల కాదు, వంట వల్ల. కిలో ముక్కలకి లెక్క ఇది: చింతపండు 60 గ్రాములు, ఉల్లిపాయలు పావుకిలో, నూనె 100 మి.లీ., నీళ్లు ముప్పావు లీటరుకి మించకుండా. ముక్క అంగుళం మందం ఉండాలి. ఉప్పు, పసుపు, కారం పట్టించి ఇరవై నిమిషాలు ఉంచితే ముక్క బిగుస్తుంది. ఉల్లి ముద్ద నూనె తేలేదాకా వేగాక పులుసు పోసి, ముందు ఆ పులుసునే పది పన్నెండు నిమిషాలు మరగనివ్వాలి. ముక్కలు వేసేది ఆ తర్వాతే. వేశాక ఎనిమిది, పది నిమిషాలు చాలు. గరిటె పెట్టకూడదు, దాక అంచులు గుడ్డతో పట్టుకుని తిప్పాలి. మెంతులు, జీలకర్ర వేయించి కొట్టిన పొడి చివర్లో అర చెంచా. మెంతులు మాడితే పులుసంతా చేదెక్కుతుంది, దానికి మందు లేదు. దించాక మూడు గంటలు కదపకుండా ఉంచితే ముక్కలోకి పులుపు దిగుతుంది.

రద్దీ ఉన్న చోట్ల జరిగేది వేరు. గ్రేవీ విడిగా కాచి పెట్టుకుంటారు, ముక్కలు విడిగా వేయించి పెట్టుకుంటారు, ఆర్డర్ రాగానే రెండూ కలిపి పంపుతారు. చేప కొవ్వు పులుసులోకి దిగే వ్యవధే ఉండదు. గిన్నెలో ముక్క పైన కరకరలాడే పొర కనిపిస్తే అది ఆ బాపతే.

వలకాడు_కైకలూరు:
గట్టు గారూ, “కొల్లేరు చేప” ఏడాది పొడవునా కావాలనుకోవడంలోనే తిరకాసు ఉంది. బుడమేరు, తమ్మిలేరు పొంగి నీరు దిగే రోజుల్లో సరస్సు నిండుతుంది, నాటు చేప అప్పుడు బాగా పడుతుంది. ఎండాకాలం వచ్చేసరికి నీరు అడుగంటుతుంది, సరస్సు నీటిని సముద్రంలోకి మోసే ఉప్పుటేరు మీదుగా ఉప్పు నీరు ఎగదన్నుతుంది. ఏప్రిల్, మే నెలల్లో నాటు చేప తినాలంటే ఎక్కణ్ణుంచి తెస్తారు? కొరమీను కూడా ఇప్పుడు చెరువుల్లో పెంచుతున్నారు, కాబట్టి “కొరమీను” అని రాసినంత మాత్రాన సరస్సుది అయిపోదు.

ఇంకోటి. 1999లో కొల్లేరుకి అభయారణ్యం ప్రకటన వచ్చింది, 2002లో రామ్‌సర్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాలో చేరింది, 2006లో అయిదో కాంటూరు (సముద్ర మట్టానికి అయిదు అడుగుల ఎత్తు గీత) లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేశారు. మళ్లీ గట్లు వేసే తగువు నేటికీ తెగలేదు. హోటళ్లు సరస్సు చేప మీదే వ్యాపారం చేయాలని మనమే ఒత్తిడి పెడితే, పడవేసుకుని వల వేసే లంక గ్రామాల వాళ్లకి లాభమా, దొంగ చెరువులకి లాభమా? ఆలోచించండి. నా మటుకు చెరువు చేపను చెరువు చేపగానే అమ్మడం మేలు.

సరస్సుదో చెరువుదో చెప్పదు గానీ, నాటు రకం తాజాదో కాదో పట్టుకునే గుర్తు ఒకటుంది. కొరమీను, ఇంగిలాయి, మార్పు, గొరక గాలి పీల్చి బతికే జాతులు. తొట్టిలో కొద్దిపాటి నీళ్లుంటే గంటల తరబడి బతుకుతాయి. అందుకే వాటిని ప్రాణంతోనే అమ్ముతారు. ఏ హోటల్‌వాళ్లయినా కొరమీను అంటే “తొట్టి చూపించండి” అని అడగండి. ఐసులో పెట్టిన కొరమీనుకి కొరమీను ధర ఇవ్వక్కర్లేదు. బొచ్చె, శీలావతికి ఈ పరీక్ష పనికిరాదు. అవి నీళ్లలోంచి తీసిన కాసేపటికే చనిపోతాయి, పట్టిన గట్టు మీదే ఐసు పడాలి.

భీమవరం_ఫ్యామిలీ:
మీరంతా పులుసు చుట్టూనే తిరుగుతున్నారు. పిల్లల్ని, పెద్దవాళ్లని తీసుకెళ్లే కుటుంబానికి కావలసింది ముల్లు లేని ముక్క, శుభ్రమైన చేతులు కడుక్కునే చోటు, కూర్చునే వీలు. శీలావతిలో సన్నటి చీలు ముళ్లు వెన్ను పొడుగునా ఉంటాయి, ఆరేళ్ల పిల్లాడికి పెట్టే చేప కాదది. అందుకే ఏసీ రెస్టారెంట్లు నిండుతున్నాయి. అక్కడి అపోలో ఫిష్‌ని తీసిపారేయకండి.

దాకలో_పులుసు:
తీసిపారేయడం లేదండి, పేరు అడుగుతున్నాను. అపోలో ఫిష్ కొరమీనుతో చేయాల్సిన వంటకం. చవగ్గా వచ్చేది ఫంగస్ చేప, అంటే చెరువుల్లో పెంచే పంగాసియస్. అది చెడ్డదని కాదు, కొరమీను ధర తీసుకోవడం చెడ్డది. తేడా నోట్లో తెలుస్తుంది. ఫంగస్ ముక్క తెల్లగా, మెత్తగా, పెద్ద పెద్ద రేకులుగా విడిపోతుంది, నములుడు ఉండదు. కొరమీను సాగుతుంది, పంటికి పట్టు దొరుకుతుంది. ముక్క మీద ఎర్ర రంగు వేలికి అంటుకుంటే తినకండి. వేపుళ్లకి సింథటిక్ రంగు కలపడానికి ఆహార నిబంధనలు ఒప్పుకోవు.

భీమవరం_ఫ్యామిలీ:
అది సరే. కానీ మెస్సుల్లో నూనె సంగతి ఎవరూ ఎత్తరేం? చేపలు వేయించిన మూకుట్లోనే మధ్యాహ్నం అప్పడాలు, సాయంత్రం బజ్జీలు. నూనెలో పోలార్ పదార్థాలు (మళ్లీ మళ్లీ కాగితే పుట్టే చెడు పదార్థాలు) 25 శాతం దాటితే వాడకూడదని 2018 నుంచి నిబంధన ఉంది. కొలిచే పరికరం మన దగ్గర లేకపోయినా గుర్తులున్నాయి: మూకుడు అంచున ఆగని నురగ, చల్లారినా జిగురుగా ఉండే నూనె, గొంతులో పట్టేసే పొగ. ఈ మూడింట్లో ఏది కనిపించినా వేపుడు మానేసి పులుసో, ఇగురో చెప్పండి.

బిల్లు కూడా చూడండి. 2022 జనవరి నుంచి బిల్లు మీద పద్నాలుగు అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు ఉండాలి. సర్వీస్ చార్జి తప్పనిసరిగా వేయకూడదు. కాంపోజిషన్ పథకంలో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తామే కొద్ది శాతం పన్ను కట్టే పద్ధతి) ఉన్న హోటల్ అయితే మన దగ్గర జీఎస్టీ విడిగా వసూలు చేయకూడదు, ఆ మాట బిల్లు మీద రాసి ఉండాలి. నూట ఎనభై రూపాయల భోజనానికి పన్ను పేరుతో తొమ్మిది రూపాయలు అదనంగా వేసే చోట ఈ సంగతి అడగాలి.

చింతచిగురు:
రొయ్య మాట ఎవరూ ఎత్తలేదు. మన వైపు హోటళ్లలో చేప కంటే రొయ్య దగ్గరే ఎక్కువ తేడా జరుగుతుంది. ఇగురుకి 80–100 కౌంటు వనామి (చెరువుల్లో పెంచే రొయ్య రకం) చాలు. అంటే కిలోకి ఎనభై నుంచి వంద రొయ్యలు. వేపుడుకి 30–40 కౌంటు కావాలి. తల, పొట్టు తీస్తే బరువు దాదాపు సగానికి పడిపోతుంది. పసుపు, ఉప్పు వేసి మూకుట్లో పెడితే నీరు వదులుతుంది, ఆ నీరు ఇంకగానే మసాలా పడాలి. అయిదారు నిమిషాలు దాటితే రొయ్య రబ్బరు. అందుకే పొద్దున్నే వండి మధ్యాహ్నం మళ్లీ మళ్లీ వేడి చేసే చోట రొయ్య వద్దు, పులుసు తినండి. పులుసు ఓర్చుకుంటుంది. వీపు మీద నల్ల నరం తీయని రొయ్య వస్తే వెనక్కి పంపడానికి మొహమాట పడకండి, ఇసక నమిలినట్టుంటుంది.

జనవరిలో పులస ఉందనే బోర్డులు కూడా చూస్తున్నాం. పులస గోదావరికి ఎర్రనీరు వచ్చే వరద నెలల చేప. సంక్రాంతికి దొరికేది ఐసులో నిలవ ఉంచిన సముద్రపు విలస.

ఉప్పుటేరు_గట్టు:
వలకాడు గారు చెప్పిన ఎండాకాలం మాట సబబే, సరస్సు చేప ఏడాదంతా అడగడం కుదరదు. అయినా చెరువు చేప మీద ఒక అభ్యంతరం ఉంది: బురద వాసన. పులుసు ఎంత బాగా కాచినా కొన్ని చోట్ల అది పోదు. దీనికి వంటవాళ్ల సమాధానం ఏమిటి?

దాకలో_పులుసు:
ఆ వాసన బురదది కాదండి, జియోస్మిన్ అనే పదార్థానిది. చెరువులో నీలి ఆకుపచ్చ నాచు పెరిగితే అది తయారవుతుంది, మొప్పల గుండా చేప ఒంట్లోకి వెళ్లి కొవ్వులో దాక్కుంటుంది. కడిగితే పోదు. అసలు మందు చెరువు దగ్గరే ఉంది: పట్టే ముందు కొన్ని రోజులు మేత ఆపి శుభ్రమైన పారే నీటిలో ఉంచడం. వంటింట్లో చేయగలిగింది కొంతే. పొట్ట లోపలి నల్ల పొర గీకెయ్యాలి, వీపు దగ్గర నెత్తుటి గీత కడగాలి, రాళ్ల ఉప్పు, నిమ్మరసం పట్టించి పావుగంట ఉంచాలి. చింతపండు పులుపు ఆ వాసనను చాలావరకు అణుస్తుంది, అందుకే అలాంటి చేప పులుసుకి సరిపోతుంది, వేపుడుకి సరిపోదు. వేపుడు ముక్కలో వాసన తగిలిందంటే ఆ పూట ఆ హోటల్లో పులుసు మాత్రమే చెప్పుకోండి.

వలకాడు_కైకలూరు:
మంచి చెరువు ఎవరిదో హోటల్‌వాళ్లకి తెలుసు. ఎవరి చెరువు నుంచి వచ్చిందో పలక మీద రాస్తే మంచి రైతుకి రెండు రూపాయలు ఎక్కువ వస్తాయి.

ఉప్పుటేరు_గట్టు:
అయితే పలక మీద ఉండాల్సింది ఇది: చేప పేరు, చెరువుదా సరస్సుదా, ఏ పూట పట్టింది, ముక్క బరువెంత. నాలుగు ముక్కలంటే ఎన్ని గ్రాములో చెప్పే హోటల్ ఆకివీడులోగానీ ఉండిలోగానీ ఉంటే ఇక్కడ రాయండి. మెస్సయినా, ఏసీ అయినా సరే.

చింతచిగురు:
తల ముక్క ధర కూడా విడిగా రాయమనండి. మూడు కిలోల బొచ్చెకి తల ఒక్కటే ఉంటుంది, ఒంటిగంట దాటాక అడిగితే ఉండదు. పన్నెండున్నరకే వెళ్లండి.